ఇంటర్ చదివే అమ్మాయికి ఎండోమెట్రియోసిస్: నొప్పి రోజులు, కాలేజీ, ఇంట్లో మాటలు

హన్మకొండ_తల్లి · శనివారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదిహేడేళ్లు. హన్మకొండలో ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. పెద్దమనిషి అయిన ఏడాదికే నొప్పులు మొదలయ్యాయి. ఈ వయసులో మామూలే అన్న డాక్టర్లే ఎక్కువ. స్కాన్ తీసిన ప్రతిసారీ నార్మల్ అనే వచ్చేది. చివరికి హైదరాబాద్‌లో లాపరోస్కోపీ, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్ చేసి, గర్భసంచి వెనకాల మచ్చలున్నాయని చెప్పారు. ముక్క పరీక్షలో ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు అని తేలింది. కనిపించినంత వరకు తీసేశామన్నారు. ఇప్పుడు రోజూ రాత్రి డైనోజెస్ట్ అనే హార్మోను మాత్ర, 2 మిల్లీగ్రాములది వేసుకుంటోంది.

ఆపరేషన్‌తో పోతుందనుకున్న నొప్పి తగ్గింది గానీ పోలేదు. నెలసరితో సంబంధం లేని రోజుల్లోనూ వస్తోంది. స్కూటీ మీద కాలేజీకి తీసుకెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ కనిపించగానే వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుంటుంది, దాటాక వదిలేస్తుంది. నోరు తెరిచి ఏమీ అనదు. మా ఇంటి నుంచి కాలేజీ దాకా ఎక్కడెక్కడ ఉన్నాయో నాకిప్పుడు కంఠతా వచ్చు.

ఇంట్లో మా అత్తమ్మ పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయంటున్నారు. కాలేజీలో హాజరు పడిపోతోంది. మధ్యమధ్య రక్తపు మరకలు కనిపిస్తుంటే మాత్ర పడటం లేదేమోనని భయంగా ఉంది. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మందులు డాక్టర్ చూసుకుంటారు, మిగతా రోజంతా మేమేం చేయాలన్నదే తెలియడం లేదు.


కాజీపేట_నాన్న · శనివారం రాత్రి 10:35

అమ్మా, మా పెద్దమ్మాయిదీ ఇదే కథ. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మా ఆవిడది బడి ఉద్యోగం, సెలవు దొరకదు. నాది రైల్వేలో రాత్రి డ్యూటీ. అందుకని ఆస్పత్రులకు తీసుకెళ్లేది నేనే. ఆడపిల్ల నెలసరి గురించి తండ్రి మాట్లాడుతుంటే బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు వింతగా చూస్తారు. చూస్తే చూడనివ్వండి. మీ ఇంట్లో కూడా వాళ్ల నాన్నను ఒక్కసారైనా వెంట పంపండి. అక్కడ చెవిన పడిన మాటకు ఉన్న బరువు ఇంట్లో మీరు చెప్పే మాటకు ఉండదు.

నొప్పి రాసుకోవడం ముందు మొదలుపెట్టండి. మీరు కాదు, అమ్మాయే రాయాలి, ఫోనులో అయినా సరే. "చాలా నొప్పి" అని రాస్తే డాక్టర్‌కు అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "బుధవారం ల్యాబ్‌లో నిలబడలేక స్టూలు అడిగాను, మధ్యాహ్నం అన్నం వదిలేశాను, మాత్ర వేసుకున్నా రాత్రి పదకొండుకు గానీ తగ్గలేదు" అని చదివి వినిపిస్తే రాస్తున్న కలం ఆపి తలెత్తుతారు. ఎక్కడ నొప్పి, మూత్రానికో మలానికో వెళ్లినప్పుడు ఎక్కువవుతోందా, కాళ్లలోకి దిగుతోందా, ఆ రోజు ఏ పని ఆగిపోయింది అన్నవి పడితే చాలు. పెద్ద వ్యాసం అక్కర్లేదు.

వేడినీళ్ల సంచి వాడుతుంటే గుడ్డ చుట్టి వాడండి. మా పిల్ల నేరుగా పొట్ట మీద పెట్టుకుని గంటలు గంటలు పడుకునేది. చర్మం మీద గోధుమరంగు గళ్లు పడ్డాయి. చాలా నెలలకు గానీ పోలేదు.


పరకాల_పెద్దమ్మ · ఆదివారం ఉదయం 6:15

నాకు అరవై దాటాయి. మా రోజుల్లో ఈ పేర్లేవీ తెలియవు. నొప్పి వచ్చినా పత్తి ఏరడానికి వెళ్లేవాళ్లం, గట్టు మీద కాసేపు ముడుచుకుని పడుకుని మళ్లీ లేచేవాళ్లం. మా చెల్లెలికి సరిగ్గా ఇలాగే ఉండేది. పెళ్లై కాన్పు అయ్యాక తగ్గింది, నా కళ్లతో చూశాను. పదిహేడేళ్ల పిల్లకు రోజూ హార్మోను మాత్రలు మింగిస్తే రేపు కడుపు పండుతుందా? మీ అత్తమ్మ మాటలో తప్పేమీ లేదు. అందాక వాము కాచిన నీళ్లు, బెల్లంతో నువ్వులుండలు పెట్టండి. పిల్ల పాలిపోయి ఉంటుంది, పాపం.


వరంగల్_పీజీ · ఆదివారం ఉదయం 11:20

నేను వరంగల్‌లో స్త్రీ వ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. అమ్మాయిని చూడకుండా చికిత్స చెప్పను. తెలిసిన సంగతులు మాత్రం చెబుతాను.

పెద్దమ్మ గారూ, మీ చెల్లెలికి తగ్గిన మాట నిజమే అయి ఉంటుంది. గర్భం దాల్చినప్పుడు నెలసరి ఆగుతుంది, పాలిచ్చేటప్పుడూ చాలామందికి రాదు కాబట్టి కొందరికి ఉపశమనం ఉంటుంది. చాలామందికి తర్వాత నొప్పి మళ్లీ వస్తుంది. గర్భం ఈ జబ్బుకు మందు కాదు. నెలసరి రాకుండా, హెచ్చుతగ్గులు లేకుండా ఉంచడమే డైనోజెస్ట్ కూడా చేసేది, బిడ్డను కనకుండానే. మాత్ర ఆపాక నెలసరి మళ్లీ వస్తుంది, పిల్లలు పుట్టే శక్తి దాని వల్ల పోదు. పైగా పదిహేడేళ్లకు పెళ్లి చేయడం చట్టరీత్యా నేరం, ఆ మాట ఇక వదిలేద్దాం.

హన్మకొండ తల్లి గారూ, గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరగడమే ఈ జబ్బు. అండాశయాల మీద, గర్భసంచి వెనకాల, పేగుల మీద, మూత్రాశయం మీద ఎక్కడైనా రావచ్చు. అందుకే మలానికి వెళ్లినప్పుడు కూడా నొప్పి ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతానికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఇది ఉంది. నెలసరి రక్తం కొంత గొట్టాల గుండా వెనక్కి పొట్టలోకి వెళ్లడం వల్ల వస్తుందని 1920లలోనే శాంప్సన్ అనే అమెరికా డాక్టర్ చెప్పారు. అలా వెనక్కి వెళ్లడం చాలామంది ఆడవాళ్లలో జరిగేదే, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. తల్లికో అక్కకో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. పచ్చళ్లు తిన్నందుకో, స్కూటీ నడిపినందుకో వచ్చింది కాదు. ఈ మాట మీ అత్తమ్మ గారికి కూడా చెప్పండి, ఇళ్లలో నింద చివరికి పిల్ల తిండి మీదికే వస్తుంది.

స్కాన్ నార్మల్ అని ఎందుకు వచ్చిందంటే, ఈ వయసులో మచ్చలు ఎక్కువగా పైపొర మీద, రంగు లేకుండానో ఎర్రగానో ఉంటాయి. అల్ట్రాసౌండ్‌లో అవి కనబడవు. అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి ఉంటేనే సాధారణంగా స్కాన్‌లో తెలుస్తుంది. నొప్పి మాత్రలకూ హార్మోన్లకూ లొంగని అమ్మాయిలకు లాపరోస్కోపీ చేసి చూస్తే కనీసం మూడింట రెండు వంతుల మందిలో ఇదే బయటపడుతోందని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2018లో రాసింది. నార్మల్ స్కాన్ పట్టుకుని పిల్ల నటిస్తోందనడం ఎంత అన్యాయమో దీన్ని బట్టి చూడండి.

డైనోజెస్ట్ మొదలుపెట్టిన తొలి నెలల్లో మరకలు కనిపించడం మామూలే. దానికే భయపడి మధ్యలో ఆపేసేవాళ్లు చాలామంది. రోజూ ఒకే వేళకు వేయండి. ఎదిగే వయసులో ఎముకల సాంద్రత మీద కొంత ప్రభావం ఉంటుంది కాబట్టి కాల్షియం, విటమిన్ డి, ఎండలో నడక గురించి మీ డాక్టర్‌ను అడగండి. మనసు దిగులుగా, చిరాకుగా మారినా చెప్పాలి, దాన్ని వయసు ప్రభావం అనుకోవద్దు.

నొప్పి మాత్ర మొండికేసి ఆఖరు నిమిషంలో వేసుకునేది కాదు. మెఫెనమిక్ యాసిడ్ లాంటివి నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా ఆపుతాయి, కాబట్టి సూచన కనబడగానే, ఏదైనా తిన్నాక వేసుకుంటేనే ఫలితం. ఆస్తమా, అల్సర్, కిడ్నీ సమస్య ఉంటే వద్దు. ఒకదానికి తగ్గలేదని ఐబుప్రోఫెన్‌నో డైక్లోఫెనాక్‌నో దాని మీద కలపవద్దు. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, ముఖం వాపు వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి రండి. మెఫెనమిక్ యాసిడ్ గురించి ఇలాంటి ప్రమాదం మీదే ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరిక ఇచ్చింది. అరుదే, కానీ మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే మాత్ర కదా.

ఇంకొకటి. ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని నొప్పి, వాంతులు, జ్వరం, కళ్లు తిరగడం ఉంటే "ఇది ఎప్పుడూ ఉండేదే" అని ఇంట్లో ఉంచవద్దు. అండాశయం మెలిపడటం, అపెండిక్స్ లాంటివి ఈ పిల్లలకు రాకూడదనేం లేదు.


పరకాల_పెద్దమ్మ · ఆదివారం మధ్యాహ్నం 1:05

డాక్టరమ్మా, ఇంత ఓపికగా చెప్పావు, సంతోషం. పెళ్లి మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాము నీళ్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను.


వరంగల్_పీజీ · ఆదివారం మధ్యాహ్నం 1:40

వాము నీళ్లు తాగించండి పెద్దమ్మా, నువ్వులుండలు కూడా పెట్టండి. మాత్ర మాన్పించనంత వరకు మీకూ నాకూ గొడవ లేదు.


ఖని_అమ్మాయి · ఆదివారం సాయంత్రం 5:30

మాది గోదావరిఖని. నాకిప్పుడు ఇరవై మూడు. నాకు పదిహేనేళ్లకు మొదలై పంతొమ్మిదికి తేలింది, మధ్య కాలమంతా హాస్టల్లో గడిచింది. అమ్మలంతా మాట్లాడుతున్నారు కాబట్టి పిల్లల వైపు నుంచి చెబుతాను.

ఆంటీ, గంటకోసారి "ఎలా ఉంది?" అని అడగకండి. ప్రేమతోనే అడుగుతారని తెలుసు, కానీ అడిగిన ప్రతిసారీ మరచిపోయిన నొప్పిని మళ్లీ వెతికి చూసుకుని జవాబు చెప్పాలి. "తగ్గింది" అంటే మీ ముఖం వెలుగుతుంది, "తగ్గలేదు" అంటే వాడిపోతుంది. కొన్నాళ్లకు మేము మీ ముఖం కోసం జవాబు చెప్పడం మొదలుపెడతాం. మీ అమ్మాయి స్పీడ్ బ్రేకర్ దగ్గర భుజం పట్టుకుని నోరు తెరవకపోవడం అందుకే అయి ఉంటుందని నా అనుమానం.

మా అమ్మ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున ఒక్కసారే అడుగుతుంది, "ఇవాళ ఏ రోజు?" అని. మాకు మూడు రకాల రోజులున్నాయి: నడిచే రోజు, కూర్చునే రోజు, పడుకునే రోజు. నడిచే రోజైతే కాలేజీ, పనులు, అన్నీ. కూర్చునే రోజైతే చదువు ఉంటుంది, గిన్నెలు ఉండవు. పడుకునే రోజైతే ఎవరూ ఏమీ అడగరు, గది తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, ఫ్లాస్కులో నీళ్లు, మాత్ర, ఏదో ఒక తిండి పక్కన ఉంటాయి. మధ్యాహ్నానికి రోజు మారితే నేనే చెబుతాను. ఇంట్లో తమ్ముడికి కూడా ఈ మూడు మాటలు తెలుసు. వాడు జబ్బు పేరు సరిగ్గా పలకలేడు గానీ కూర్చునే రోజున నా బట్టలు కూడా తనే ఆరేస్తాడు.

ఇంకో సంగతి బాధతో చెబుతున్నాను. డాక్టర్ గదిలో నన్ను అడిగిన ప్రశ్నకు కూడా అమ్మే జవాబు చెప్పేది. తర్వాత ఒక మేడమ్ అమ్మను అయిదు నిమిషాలు బయట కూర్చోమన్నారు. మలానికి వెళ్లినప్పుడు కత్తితో కోసినట్టుంటుందని నేను మొదటిసారి చెప్పింది అప్పుడే. అంతకు ముందు ఎవరూ నన్ను అడగలేదు, అమ్మ ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చుట్టాలకు చెప్పాలా వద్దా అన్నది మీ అమ్మాయినే తేల్చుకోనివ్వండి. మా మేనత్త ఒక పెళ్లి భోజనాల్లో అందరి ముందు "ఇప్పుడు ఎలా ఉందే నీ గర్భసంచి?" అని అడిగింది. పప్పు వడ్డిస్తున్న అబ్బాయి కూడా ఆగి చూశాడు. అలాంటి మాటలకు బదులు చెప్పే పని మీరు తీసుకోండి, పిల్లకు వదలకండి.

సద్దుల బతుకమ్మ నాడు చప్పట్లు కొడుతూ వంగి లేవడం నా వల్ల కాదు. కింద కూర్చుని పేర్చడమూ కష్టమే. అమ్మ తాంబాళాన్ని డైనింగ్ బల్ల మీద పెట్టింది. తంగేడు, గునుగు అన్నీ నేనే నిలబడి పేర్చాను, తిరగడానికి చెల్లెళ్లు వెళ్లారు. ఆ వీధిలో ఆ ఏడాది మాదే ఎత్తయిన బతుకమ్మ. కొంచెం వంకరగా వచ్చింది, అది వేరే విషయం.


హన్మకొండ_తల్లి · ఆదివారం రాత్రి 8:45

ఖని అమ్మాయీ, నీ పోస్టు మా అమ్మాయికి చూపించాను. చదివి "రేపు కూర్చునే రోజు" అంది. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

డాక్టర్ గారికి, అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు కాలేజీ సంగతి చెప్పండి. మెడికల్ సర్టిఫికెట్ తెమ్మన్నారు, తెచ్చాం. దాన్ని ఫైల్లో పెట్టుకున్నారు, క్లాసులో మాత్రం ఏ మార్పూ లేదు. ల్యాబ్‌లో గంటల తరబడి నిలబెడుతున్నారు. టాయిలెట్‌కు అడిగితే "ఇప్పుడే కదా వెళ్లావు" అంటున్నారు.


జమ్మికుంట_లెక్చరర్ · సోమవారం ఉదయం 7:10

జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. మేడమ్, లోపం సర్టిఫికెట్‌లోనే ఉంది. "ఎండోమెట్రియోసిస్‌తో బాధపడుతున్నారు" అని ఒక్క వాక్యం ఉంటుంది. అది చదివి ఏం చేయాలో మాలో చాలామందికి తెలియదు. మగ లెక్చరర్లకు అడగడానికి మొహమాటం. ఈసారి డాక్టర్‌తో పనులు రాయించుకోండి: ల్యాబ్‌లో కూర్చోనివ్వాలి, అడగకుండా టాయిలెట్‌కు వెళ్లనివ్వాలి, వేడి సంచి, మాత్ర దగ్గర ఉంచుకోనివ్వాలి, నెలలో కొన్ని రోజులు రాలేకపోవచ్చు. ఇలా రాసి ఉంటే ప్రిన్సిపాల్ సంతకం పెట్టి అందరికీ చూపించగలరు. లేకపోతే ప్రతి లెక్చరర్‌కూ పిల్లే తన కడుపు కథ చెప్పుకోవాలి.

హాజరు తగ్గుతోందని తెలిసినప్పుడే లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఫిబ్రవరిలో వచ్చి కన్నీళ్లు పెట్టుకుంటే మా చేతుల్లోనూ ఏమీ ఉండదు. కేరళలో 2023 నుంచి విశ్వవిద్యాలయాల విద్యార్థినులకు నెలసరి కారణంగా 75కు బదులు 73 శాతం హాజరు చాలన్నారు. మన ఇంటర్ పిల్లలకు అలాంటిదేదీ లేదు. ఉండాలని అడగాల్సింది మనమే.

ప్రాక్టికల్స్ బ్యాచులుగా జరుగుతాయి కాబట్టి జాబితా తయారయ్యే ముందే మాట్లాడండి. ఉదయం నొప్పి ఎక్కువైతే మధ్యాహ్నం బ్యాచ్‌లో వేయమని అడగడంలో తప్పు లేదు. నా అనుభవంలో జాబితా అతికించాక అడిగినవాళ్లకు తిట్లు, ముందు అడిగినవాళ్లకు కుర్చీ దొరికాయి. ఒక పేపర్ రాయలేకపోయినా మే, జూన్‌లలో సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోదు. ఈ మాట పరీక్ష ముందు రోజు రాత్రి కాదు, ఇప్పుడే ఆమెకు చెప్పి ఉంచండి.


మంచిర్యాల_మేనమామ · సోమవారం మధ్యాహ్నం 2:20

మా అక్క కూతురికి కూడా ఇలాగే. ఫోనులో గర్భసంచి శుద్ధి పొడి అని ఒక ప్రకటన వచ్చింది, మూడు నెలల్లో వేరుతో సహా పోతుందట. ఖరీదు ఎక్కువే. ఎవరైనా వాడారా? లేకపోతే మళ్లీ ఆపరేషన్ చేయించమంటారా?


వరంగల్_పీజీ · సోమవారం మధ్యాహ్నం 3:00

ఆ పొడి వద్దు. ఈ జబ్బును వేరుతో తీసేసే మందు ఇప్పటివరకు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఉందన్నవాడు అమ్ముకోవడానికే చెబుతున్నాడు. లోపల ఏం కలుపుతారో సీసా మీద రాయరు.

ఆపరేషన్ అవసరమైనప్పుడు తప్పదు, కానీ నొప్పి మిగిలిన ప్రతిసారీ మళ్లీ కోయడం జవాబు కాదు. అండాశయం మీద పదే పదే చేస్తే అండాల నిల్వ తగ్గుతుంది. ఏళ్ల తరబడి నొప్పి పడ్డాక నరాలు, కటి కండరాలు కూడా బిగుసుకుని అలవాటు పడతాయి. మచ్చ తీసేసినా ఆ బిగువు మిగులుతుంది. దానికి దారి వేరు.


కరీంనగర్_ఫిజియో · సోమవారం రాత్రి 9:15

ఆ దారిలోనే నా పని. నొప్పికి భయపడి పిల్లలు తెలియకుండానే పొట్ట, తొడలు బిగపట్టి కూర్చుంటారు. స్కూటీ మీద కూడా అంతే. అమ్మాయిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, పొట్ట పైకి లేచేలా గాలి పీల్చి మెల్లగా వదలమనండి. వదిలేటప్పుడు కింది కండరాలు కూడా సడలాలి. నొప్పి లేని రోజున నేర్చుకుంటేనే నొప్పి రోజున పనికొస్తుంది. పొట్ట తగ్గించే వ్యాయామాలు, బిగించేవి ఇప్పుడు వద్దు. వెస్టర్న్ టాయిలెట్ అయితే పాదాల కింద చిన్న పీట వేయండి, ముక్కాల్సిన పని తగ్గుతుంది. మలబద్ధకం ఉంటే ఈ నొప్పి రెట్టింపు. కటి కండరాల మీద పనిచేసే ఫిజియో దగ్గరికి పంపమని మీ డాక్టర్‌నే అడగండి. అమ్మాయి ఒప్పుకోకుండా లోపలి పరీక్ష ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి.


హన్మకొండ_తల్లి · బుధవారం రాత్రి 10:05

ప్రిన్సిపాల్‌ను కలిశాం. డాక్టర్ గారు ఫోనులోనే విని కొత్త లేఖ పంపారు, లెక్చరర్ గారు చెప్పినట్టే పనులన్నీ రాసి. ల్యాబ్‌లో స్టూలు వేశారు. ఒక మేడమ్ మాత్రం "అందరికీ ఉండేదేగా" అన్నారట. మా అమ్మాయి "అందరికీ ఉంటే స్టూళ్లు చాలవు మేడమ్" అందట. ఇంటికి వచ్చి చెప్పి నవ్వింది. నాకు నవ్వాలో కసరాలో తెలియలేదు.

అత్తమ్మకు డాక్టర్ గారి పోస్టు చదివి వినిపించాను. పెళ్లి ఊసు ఈ నాలుగు రోజుల్లో లేదు. పచ్చడి జాడీ మాత్రం అటక ఎక్కించారు, దింపే ప్రయత్నంలో ఉన్నాం.

శుక్రవారం హైదరాబాద్‌లో రివ్యూ. ఈసారి వాళ్ల నాన్న కూడా వస్తున్నారు. ఏమేం తీసుకెళ్లాలి? ఆ రోజు పడుకునే రోజైతే ప్రయాణం ఎలా?


కాజీపేట_నాన్న · బుధవారం రాత్రి 10:40

రైలుకే వెళ్లండమ్మా. బస్సు ఉచితమే, కాదనను, కానీ నొప్పి పెరిగితే బస్సులో లేచి నిలబడటానికి చోటుండదు, టాయిలెట్ ఉండదు. రైల్లో రెండూ ఉంటాయి. సీటు ముందే రిజర్వు చేయించుకోండి, టాయిలెట్‌కు దగ్గరగా, నడిచే దారి పక్కన సీటు దొరికితే మేలు. పడుకునే రోజైతే ఆస్పత్రికి ఫోను చేసి తేదీ మార్చుకోండి, రివ్యూ నాలుగు రోజులు ఆగితే మునిగేది లేదు.

లాపరోస్కోపీ వీడియో సీడీ, ముక్క పరీక్ష రిపోర్టు, పాత స్కాన్లు అన్నీ తీసుకెళ్లండి. నార్మల్ అని వచ్చినవి కూడా. సీడీ ఇవ్వలేదంటే ఈసారి అడిగి తీసుకోండి, రేపు వేరే డాక్టర్‌కు చూపించాలంటే లోపల ఎక్కడ ఏముందో చెప్పేది అదే. నొప్పి రాసుకున్నది ఫోనులో ఉంటే చార్జర్ మరచిపోకండి, మేము ఒకసారి మరచిపోయి రిసెప్షన్ అమ్మాయిని బతిమాలాం. ఆరోగ్యశ్రీ కార్డు కూడా పెట్టుకోండి. ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్య మిత్ర చెబుతారు.


ఖని_అమ్మాయి · బుధవారం రాత్రి 11:15

అంకుల్ జాబితాకు ఒకటి కలుపుతున్నాను. డాక్టర్‌ను ఏం అడగాలో మీ అమ్మాయినే రాసుకోమనండి, ఆ కాగితం మీరు చూడకండి. గదిలో అయిదు నిమిషాలు మీరిద్దరూ బయట కూర్చోండి. స్టూలు మాట అన్న పిల్ల డాక్టర్‌తో కూడా బాగానే మాట్లాడుతుంది.